తొమ్మిదో నంబరు హెల్మెట్

సొరంగం చివరికి కాస్త ఇవతల డ్రిల్లర్ బోర్లా పడి ఉన్నాడు. మెడ వెనుక ఇనపరాడ్డు దెబ్బ. తలకున్న తొమ్మిదో నంబరు హెల్మెట్ మీద పచ్చలైటు మాత్రం ఇంకా మిణుకుమంటోంది.

3:30కి బ్లాస్టింగ్. 3:50కి శవం దొరికింది. మధ్యలో ఇరవై నిమిషాలు కన్ను పొడుచుకున్నా కానరాని దుమ్ము.

శవాన్ని మొదట చూసింది డ్రిల్లర్ బావమరిది. పొద్దున బావతో గొడవపడిందీ అతనే. ఇంకేం, సంకెళ్లు పడ్డాయి. మొగుడు పోయిన గంటలోనే తమ్ముడూ దూరమవుతున్నాడని డ్రిల్లర్ భార్య గుండెలు బాదుకుంది.

"పైకప్పు బీటలిచ్చింది, ఇవాళ ఇంజనీర్‌కి చెప్పేస్తానన్నాడమ్మా మా ఆయన. ఈలోపే..." అంది ఇన్‌స్పెక్టరమ్మతో.

ఐదింటికి ఇన్‌స్పెక్టర్ అందరినీ సైట్ ఆఫీసులో కూర్చోబెట్టింది.

"దుమ్ములో ఎక్కడున్నావ్?"

"నీళ్లకని గేటు దగ్గరికొచ్చా మేడమ్. ఒట్టు!" అన్నాడు బావమరిది.

"చూసినవాళ్లు?"

"ఎవరూ లేరు."

ఫోర్‌మన్ నవ్వాడు. "గేటు దగ్గరున్నది నేను మేడమ్. 3:42కి హెల్మెట్ రేడియోలో మెసేజ్ కూడా పెట్టా. చూసుకోండి."

స్క్రీన్ మీద మెసేజ్ ఉంది. 'గేటు దగ్గరున్నా. అంతా ఓకే.' అందరూ చదివిందే. కింద చిన్న అంకెలు ఎవరూ పట్టించుకోలేదు. 1, 9, 14, 6.

"ఇవేంటి?"

రేడియో ఆపరేటర్ చెప్పాడు. "లోపల ఫోన్ సిగ్నల్ ఉండదు మేడమ్. హెల్మెట్ రేడియో ముప్పై మీటర్లే అందుతుంది. అందుకే మెసేజ్ ఒక హెల్మెట్ నుంచి ఇంకోదానికి చేతులు మారుతూ గేటు దగ్గరి రిసీవర్ పెట్టెకి చేరుతుంది. మోసిన ప్రతి హెల్మెట్టూ తన నంబరు వేస్తుంది."

"పద్నాలుగు?"

"సొరంగం మధ్యలో కొక్కేనికి వేలాడే స్పేర్ హెల్మెట్."

"ఆరు?"

"బావమరిదిది."

"అంటే పెట్టె దగ్గరున్నది ఇతనే. నిజమే చెప్పాడు."

ఆమె ఫోర్‌మన్ వైపు తిరిగింది. "ఒకటి నీది. గేటు దగ్గరుంటే నీ మెసేజ్ నేరుగా పెట్టెలో పడాలి. మూడు హెల్మెట్లు ఎక్కి దిగిందేం?"

ఫోర్‌మన్ నవ్వు ఆగిపోయింది.

"నీ తర్వాతి నంబరు తొమ్మిది, ఆయనది. శవానికి అవతల నిలబడి పంపావు. అక్కడ ఇంకో హెల్మెట్టే లేదు. పైకప్పు బాగుందని సంతకం పెట్టింది నువ్వు. నీ బండారం బయటపడుతుందని, ఆయన మాట ఇంజనీర్ దాకా చేరకుండా చంపావు. నీ అబద్ధాన్ని మాత్రం ఆయన హెల్మెట్టే మోసుకొచ్చి మాకు అప్పగించింది."

సంకెళ్లు చేతులు మారాయి. అక్క తమ్ముణ్ణి పట్టుకుని భోరుమంది.

"లోపలెవరున్నారు?" ఇన్‌స్పెక్టర్ హఠాత్తుగా అడిగింది.

"శవం దగ్గర మన కానిస్టేబుళ్లిద్దరు. హెల్మెట్లు పెట్టుకునే వెళ్లారు," అన్నాడు పక్కనున్న పోలీసు.

ఆపరేటర్ డ్రిల్లర్ చెప్పాలనుకున్న మాటే టైప్ చేశాడు. 'పైకప్పు బీటలిచ్చింది. బయటికి రండి.'