గోడ మీద తమ్ముడి అక్షరాలు

పొద్దున్నే గేటు తీసిన మిల్లమ్మ అక్కడే ఆగిపోయింది. ప్రహరీ గోడ పొడవునా, మనిషి ఎత్తున, ఎర్ర రంగుతో ఒకే వాక్యం: ‘ఇచ్చట మా ఆకలి అమ్మబడును.’

ఆవిడను భయపెట్టింది ఆ మాట కాదు. అలాంటి మాటలు ఏడాదిగా వింటూనే ఉంది. ఊళ్లో రెండు ఫ్యాక్టరీలు మూతపడి, సగం మందికి జీతాల్లేక, పిండి ధర రెట్టింపయినప్పటి నుంచి, పిండిమిల్లు నడిపే ఆవిడ భర్త ఇంటిని చూస్తేనే జనానికి ఒళ్లు మండుతోంది. నిజానికి ధర పెంచింది ఆయన కాదు, గోధుమలు అమ్మేవాళ్లు. ఈ గడ్డురోజుల్లో నలభై మందిని పనిలోంచి తీసేయకుండా నెట్టుకొస్తున్నదీ ఆయనే. కానీ అదే ఏడాది ఆయన ఇంటి మీద ఇంకో అంతస్తు లేపాడు. నలభై మంది జీతాలు బయటికి కనపడవు, అంతస్తు కనపడుతుంది. ఇప్పుడొద్దండీ, కాస్త ఆగండీ అని మిల్లమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. చెబితే వినే మనిషైతే ఈ కథే లేదు.

ఆవిడను భయపెట్టింది ఆ అక్షరాలు. పైనా కిందా దారంతో గీత కొట్టి, సమానంగా జాగా వదిలి, ఒక్కో అక్షరానికి కుడిపక్కన సన్నగా నల్లటి నీడ వేసి ఉంది. దొంగచాటుగా తిట్టు రాసేవాడెవడైనా నీడలు వేస్తాడా? వేసేవాడు ఒక్కడే ఉన్నాడు. షాపులకి బోర్డులు రాసే పెయింటర్, ఆవిడ తోడబుట్టిన తమ్ముడు. అమ్మ పోయాక ఒళ్లో పెట్టుకుని పెంచుకున్న తమ్ముడు!

“స్టేషన్‌కి ఫోన్ చేశాను” అన్నాడు భర్త వెనకనుంచి. “పదింటికి ఇన్‌స్పెక్టర్ వస్తాడు. వీడెవడో దొరకనీ, లోపల వేయించకపోతే చూడు. మీ తమ్ముణ్ణి కూడా రమ్మన్నాను. ఫొటోలు తీశాక తెల్లరంగు కొట్టేస్తాడు. పాపం, వాడికీ పనుల్లేవుగా.”

 మిల్లమ్మ లోపలికి పరుగెత్తి తమ్ముడికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది, మళ్లీ మళ్లీ చేసింది. వాడు ఈ ఇంటికొచ్చి పది నెలలైందన్న సంగతి అప్పుడే లెక్కకొచ్చింది. ఎప్పుడడిగినా “బాగున్నామక్కా” అనేవాడు. షాపులన్నీ మూసేసి ఉంటే బోర్డులు రాసేవాడు ఎలా బాగుంటాడని ఆవిడ ఒక్కసారీ ఆలోచించలేదు. నమ్మడం తేలిక కాబట్టి నమ్మేసింది. ఇప్పుడు గడియారం వంక చూస్తే తొమ్మిదిన్నర.

పదికి పది నిమిషాలుండగా తమ్ముడు రంగు డబ్బాతో వచ్చాడు. బుగ్గలు లోపలికి పోయాయి. గోళ్ల చుట్టూ ఎరుపు ఇంకా వదల్లేదు. మిల్లమ్మ వాడి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లింది.

“ఎందుకు రాశావురా?”

వాడు బుకాయించలేదు. “అప్పుడే తెలిసిపోయిందా?”

“నీడలు వేశావు కదరా, సన్నాసీ.”

అంత కష్టంలోనూ వాడికి నవ్వొచ్చింది. “చెయ్యి ఆగలేదక్కా. బ్రష్ పట్టుకుని ఏడు నెలలైంది.”

నవ్వుతూనే గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. “మా వీధిలో అందరూ, మీ బావ పిండి తింటున్నావు నీకేంలే అంటున్నారక్కా. పంపు దగ్గర నీ మరదల్ని నీళ్లు పట్టుకోనివ్వరు. పిల్లల్ని ఆటల్లోకి రానివ్వరు. చిన్నది స్కూలుకి పోనని ఏడుస్తోంది. మనవాడివైతే వెళ్లి ఆ గోడ మీద రాయి, చూస్తాం అన్నారు. తెల్లారకముందే పది మంది నిలబడి చూస్తుంటే రాశాను.”

“నన్ను అడగొచ్చు కదరా... పిండి పంపేదాన్ని కాదూ?”

“పంపుతావనే అడగలేదక్కా. మేం తింటున్నామని వాళ్లకి తెలిస్తే చాలు, ఆ వీధిలో ఇక బతకలేం.”

బయట జీపు ఆగింది.

ఇన్‌స్పెక్టర్ గోడంతా తిరిగి చూసి, వరండాలోకొచ్చి కూర్చున్నాడు. “ఇది చెయ్యి తిరిగినవాడి పని సార్. అలాంటివాళ్లు ఊళ్లో నలుగురికి మించి ఉండరు.” తమ్ముడి చేతిలో డబ్బా చూశాడు. “నువ్వూ పెయింటరేగా. ఎవరి చెయ్యి ఇది?”

తమ్ముడు నోరు తెరిచాడు. అంతకంటే ముందే మిల్లమ్మ గొంతు వినిపించింది.

“నేనే రాయించానండీ.”

“మీ గోడ మీదేనామ్మా?”

“నా గోడే కదండీ. మా తమ్ముడికి పనిలేదు. పనిచ్చాను.”

“ఈ మాట రాయమన్నారా?”

“మాట వాడికే వదిలేశాను.”

ఇన్‌స్పెక్టర్ ఆవిడనీ, మొహం నల్లబడిన భర్తనీ మార్చి మార్చి చూసి లేచాడు. ఇంటి గొడవలకి స్టేషన్‌కి ఫోన్ చేయొద్దని చెప్పి వెళ్లిపోయాడు.

“పాతికేళ్లు కాపురం చేసి నలుగురిలో నా పరువు తీశావు” అన్నాడు భర్త.

“ఆ నలుగురిలోనే వాడు బతకాలండీ” అంది మిల్లమ్మ. పంపు సంగతీ, పిల్లల సంగతీ అంతా ఏడుస్తూ చెప్పింది. ఆయన కొత్తగా కట్టించిన అంతస్తు మెట్ల మీదే కూలబడి, తల ఎత్తకుండా అన్నాడు. “ఒక బస్తా పిండి తీసుకెళ్లరా.”

“వద్దు బావా. ఖాళీ చేతులతో వెళ్లాలి. ఎదురుగా చూడండి.”

రోడ్డుకి అవతల పాతిక మంది నిలబడి ఉన్నారు. పోలీసులు ఎవర్ని పట్టుకెళ్తారో చూడ్డానికొచ్చిన తమ్ముడి వీధివాళ్లు. జీపు ఖాళీగా పోయింది. వాళ్లు ఇంకా కదలడం లేదు.

“నన్ను కాపాడారని తెలిస్తే రాసినదంతా దండగ” అన్నాడు తమ్ముడు. “అక్కా, నన్ను తిట్టు. గేటు దగ్గర నిలబడి వీధి చివరిదాకా వినపడేలా తిట్టు. మళ్లీ ఈ ఇంటికి రావద్దని చెప్పు.”

“నా వల్ల కాదురా.”

“పిల్లల కోసం అక్కా.”

మిల్లమ్మ గేటు దాకా వెళ్లింది. వాణ్ణి జీవితంలో గట్టిగా కసిరింది కూడా లేదు. “సిగ్గులేదట్రా నీకు” అంది. మాట పెదవి దాటలేదు. వాడు తల వంచుకుని, “ఇంకా గట్టిగా అక్కా” అని గొణిగాడు.

“సిగ్గులేదట్రా నీకు!” ఈసారి కాకులు లేచిపోయేలా అరిచింది. “రాయడానికి నా ఇంటి గోడే దొరికిందా? పో... ఇవాళ్టితో నాకు తమ్ముడు లేడు. నీ మొహం మళ్లీ నాకు చూపించకు. నేను చచ్చినా రావద్దు. పో!”

తమ్ముడు వెనక్కి తిరిగి చూడకుండా రోడ్డు దాటాడు. అవతల ఎవరో ముసలాయన వాడి భుజం మీద చెయ్యి వేశాడు. ఇంకెవరో రంగు డబ్బా అందుకున్నారు. గుంపు వాణ్ణి మధ్యలోకి తీసుకుని మెల్లగా కదిలిపోయింది. వాడు కనుమరుగయ్యేదాకా చూసి, మిల్లమ్మ గేటుకి గడియ పెట్టి, దాన్ని పట్టుకునే నిలబడింది. భర్త దగ్గరికొచ్చాడు.

“బాగా తిట్టానా?” అని అడిగింది.

“బాగా తిట్టావు” అన్నాడాయన, కళ్లు తుడుచుకుంటూ.