పై తొట్టిలోంచి పిలుపు

ఈ సంగతి నాకు మొదట చెప్పింది జెయింట్ వీల్ మేస్త్రీ. నలుగురి నోళ్ళలో నలిగి నా దాకా వచ్చిన మాట కాదిది. ఆయన నా ఎదురుగా కూర్చుని, టీ చల్లారిపోతున్నా ముట్టకుండా, మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. ఆయన చెప్పింది చెప్పినట్టే పెడుతున్నాను. తోకలు తగిలించడం నాకు చేతకాదు. తగిలించేవాళ్ళు వేరే ఉన్నారు... వాళ్ళ దగ్గరికీ వస్తాను.

మా పేట వెనక ఒక మైదానం ఉంది. ఏడాదికోసారి అక్కడ పేట సంబరం పెడతారు. తినేవాటి బళ్ళు ఒక వరస, బొమ్మలూ గాజులూ ఒక వరస, వెనక గోడ వైపు మ్యాజిక్ డేరా, దాని పక్కన జెయింట్ వీల్. దీపాలు వెలుగుతున్నంతసేపూ ఇసకేస్తే రాలని జనం. దీపాలు ఆరాయా— ఆ గోడ వైపుకి కుక్క కూడా పోదు.

ఆ చోటుకి పేరు చెడింది. ఎప్పుడో తాడు మీద నడిచే ఆటగాడు ఒకడు అక్కడ పడి ప్రాణం వదిలాడంటారు. ఎవరినడిగినా కళ్ళతో చూసినట్టే చెబుతారు. పడ్డమాట నిజం. చచ్చిన మాట అబద్ధం. కాలు విరిగింది, అతుక్కుంది, వేరే ఊరు పోయి రెండో పెళ్ళి కూడా చేసుకున్నాడు. బతికున్నవాణ్ణి దెయ్యం చేయడం మా పేటకి వెన్నతో పెట్టిన విద్య.

ఆ దెయ్యానికి ఒక పద్ధతి కూడా అంటగట్టారు. చీకట్లో అటు పోయేవాణ్ణి పిలుస్తుందట... పేరు పెట్టి కాదు, వరస పెట్టి. ఇంట్లో నిన్ను అన్నా అంటే అన్నా అని, మావా అంటే మావా అని. పలికావా— నీ పని సరి.

ఆ సంబరంలో మొక్కజొన్న కంకులు కాల్చే అక్కాతమ్ముళ్ళు ఉండేవాళ్ళు. కాల్చేది అక్క, కేకేసేది తమ్ముడు. అదీ వాళ్ళ ఒప్పందం. తమ్ముడిది గంట కొట్టినట్టుండే గొంతు. వాడు "లేత కంకులూ" అని ఎత్తుకుంటే పళ్ళు లేనివాళ్ళు కూడా ఆగేవాళ్ళు. అక్క మాత్రం బొగ్గుల ముందు కూర్చుని, విసనకర్ర ఊపుతూ, పని మధ్యలో తలెత్తి ఆ జెయింట్ వీల్ వంక చూసేది.

ఆమెకి అది ఎక్కాలని ఉండేది. పెద్దావిడ, ఒక్కత్తీ ఎక్కితే జనం నవ్వుతారని సిగ్గు. నువ్వు కూడా రారా అని తమ్ముణ్ణి ఏటా అడిగేది. వచ్చే ఏడు ఎక్కుదాంలే అని వాడూ ఏటా అనేవాడు. పోయేదేముంది, మాటేగా.

ఆ ఏడు సంబరం ఆఖరి రోజు. ఇవాళ తప్పకుండా ఎక్కుదామని తమ్ముడు పొద్దున్నే మాటిచ్చాడు. మధ్యాహ్నానికల్లా మ్యాజిక్ డేరాలో దూరాడు. డేరావాడు దోస్తు. ఇప్పుడే వస్తానన్నవాడు పొద్దు గూకినా రాలేదు.

అక్క ఏం చేస్తుంది... కాల్చడమూ తనే, కేకేయడమూ తనే. అలవాటు లేని గొంతు. పైగా బొగ్గుల పొగ. దీపాలు పెట్టే వేళకి ఆ గొంతు తుప్పు పట్టిన తలుపు తీసినట్టయింది. కంకి కొన్నవాళ్ళు ఆమె మాటకి ఉలిక్కిపడి చూశారట.

సరుకు అయిపోయింది. ఆమె బొగ్గులు ఆర్పి, బండి మీద పట్టా కట్టేసి, జెయింట్ వీల్ దగ్గరికి పోయి నిలబడింది. డేరా వంక చూసింది. కాసేపాగి మళ్ళీ చూసింది. మేస్త్రీకి జాలేసి, "ఎక్కమ్మా, నవ్వితే నవ్వుతారు, వాళ్ళ పళ్ళు మనవా" అన్నాడట. చేయి పట్టి తనే తొట్టిలో కూర్చోబెట్టాడు.

చక్రం తిరిగింది. ఒక చుట్టో, రెండు చుట్లో... వాన పడింది.

చినుకు కాదు, కుండపోత. జనరేటరులో నీళ్ళు పడి అది గుర్రుమని ఆగిపోయింది. దీపాలు పోయాయి. చక్రం ఎక్కడిదక్కడ నిలిచిపోయింది.

మేస్త్రీకి ఒక పద్ధతి ఉంది. సంబరం అయ్యాక చక్రాన్ని చేత్తో తిప్పి, ఒక్కొక్క తొట్టినే కిందికి దింపి, దాని మీద అరచేత్తో కొట్టి "ఖాళీ" అని అరిచి, అప్పుడు పైకి పంపుతాడు. ఆ రోజూ అదే మొదలుపెట్టాడు. కానీ తాడు లాగే మనుషులు కావాలి. ఆ వానలో సగం మందిని దింపేలోపే లాగేవాళ్ళు చెల్లాచెదురయ్యారు. మధ్యలో ఆయన జనరేటరు దగ్గరికీ పరుగెత్తాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి మెరుపు వెలుగులో పైన తొట్లన్నీ బోసిగా కనిపించాయి. పైకి చూసి గట్టిగా కేకేశాడు, ఎవరైనా ఉన్నారా అని. జవాబు లేదు. తొట్ల మీద రేకులు వానకి డప్పుల్లా మోగుతున్నాయి.

అప్పుడే తమ్ముడు డేరాలోంచి గోనెసంచి నెత్తిన వేసుకుని బయటికొచ్చాడు.

మేస్త్రీ అడిగాడు. "ఒరే, మీ అక్క దిగిందా?"

తమ్ముడు అటు తిరిగి చూశాడు. బండికి పట్టా కట్టి ఉంది. బొగ్గులు ఆరి ఉన్నాయి. ఇంటికి పోయి ఉంటుందిలే అనుకున్నాడు. అంతకన్నా ముందు ఇంకోటి అనుకున్నాడు— తెలీదంటే మేస్త్రీ తాడు చేతికిచ్చి లాగమంటాడు.

"ఆ... దిగింది. ఇంటికి పోయింది" అన్నాడు.

ఆ మాట మీద మేస్త్రీ చక్రాన్ని గుంజకి కట్టేశాడు. తన వృత్తిలో ఆ ఒక్కరోజే మిగిలిన తొట్ల మీద చెయ్యి వేయలేదు.

వాన తెరిపిచ్చింది. తమ్ముడు దోస్తులతో టీ కొట్టు చూరు కింద కూర్చుని, ముచ్చట్లు చెప్పి, అందరూ పోయాక లేచాడు. రోడ్డు మీద పోతే చుట్టు. మైదానంలోంచి దగ్గర.

ఎంతో దూరం పోలేదు... భయమేసింది. భయం పోవడానికి ఈల వేసుకుంటూ నడిచాడు. రోజూ బండి తోసుకుంటూ వేసే ఈలే. బురదలో కాళ్ళు దిగుతున్నాయి. బళ్ళన్నీ పట్టాలు కప్పుకుని, వంగి కూర్చున్న మనుషుల్లా ఉన్నాయి. గోడ వైపు జెయింట్ వీల్ నల్లగా, నిలువుగా...

"తమ్ముడూ..."

ఈల ఆగిపోయింది.

వెనక నుంచి కాదు. పక్క నుంచి కాదు. పైనుంచి. ఆకాశంలోంచి వచ్చినట్టు. మనిషి గొంతులా లేదు, ఇనుము మీద ఇనుము రాసినట్టుంది. కానీ వరస మాత్రం సరిగ్గా తనదే.

అక్క ఇంట్లో ఉంది. తనే చెప్పాడుగా, ఇంటికి పోయిందని. మరి తమ్ముడూ అని పిలిచేదెవరు...

తల ఎత్తలేదు. పలకలేదు. చెప్పులు బురదలో వదిలేసి పరుగెత్తాడు.

ఇంటి మెట్టెక్కాక గానీ ఊపిరి తీసుకోలేదు. తలుపు తోశాడు. రాలేదు. తడిమాడు.

తాళం.

తాళంచెవి ఉండేది అక్క కొంగునే.

ఆ తాళం పట్టుకుని అలాగే నిలబడ్డాడట. చల్లటి ఇనుము... చేతిలో పెట్టుకున్నకొద్దీ సంగతి అర్థమైంది. మధ్యాహ్నం నుంచి కేకలేసి పోయిన గొంతు. తను వేయాల్సిన కేకలు. దిగిందని తను చెప్పిన మాట. పైన ఉన్నది దెయ్యం కాదు.

వెంటనే పోవాలి. అనుకున్నాడు, మెట్టు దిగాడు, వీధి చివరి దాకా నడిచాడు కూడా. ఆ మలుపు దగ్గర్నుంచి మైదానం కనిపించదు, మధ్యలో ఇళ్ళూ ఒక గోదామూ అడ్డం. కేక వేసినా వినపడదు.

"తమ్ముడూ..."

అదే గొంతు. ఈసారి పైనుంచి కాదు. చెవి పక్క నుంచి.

తమ్ముడు వెనక్కి వచ్చేశాడు. వచ్చి మెట్టు మీద, తాళానికి వీపు ఆనించి, మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చున్నాడు. అక్క పైనే ఉందని తెలుసు. తడిసి ఉందని తెలుసు. తెలిసీ... తెల్లారేదాకా కూర్చున్నాడు.

వెలుతురు రాగానే మేస్త్రీని లేపి, అక్క ఇంటికి రాలేదని మాత్రం అన్నాడు. ఆయన చక్రం దగ్గరికి పరుగెత్తాడు. ఇద్దరూ తాడు పట్టి లాగితే పై తొట్టి మెల్లగా కిందికొచ్చింది. మనిషి సీటు మీద లేదు. భయానికి ఎప్పుడో అడుగున ముడుచుకుని పడుకుంది, నెత్తి మీదుగా కొంగు కప్పుకుని. అందుకే కింద నుంచి కనపడలేదు. ప్రాణం ఉంది. వేళ్ళు కొయ్యబారి ఉన్నాయి. ఆ వేళ్ళలో దాని ఆకుల్లోనే చుట్టిన ఒక కంకి. తమ్ముడికని తీసిపెట్టింది.

ఇక పంచాయితీ. సంబరం కమిటీకి పెద్ద గొడుగాయన. ఎండా వానా లేకపోయినా గొడుగు పట్టే మనిషి, ఆ కుండపోత రాత్రి మాత్రం గొడుగూ లేదు, ఆయనా లేడు. పొద్దున న్యాయం చెప్పడానికి అందరికన్నా ముందొచ్చాడు. మనిషిని పైన వదిలేసి నిద్ర ఎలా పట్టిందని మేస్త్రీని పదిమందిలో కడిగేశాడు. మేస్త్రీ ఒకటే చెప్పాడు, నేను అడిగాను, దిగిందని ఆమె తమ్ముడే చెప్పాడని.

అందరి తలలూ తమ్ముడి వైపు తిరిగాయి.

"నేను చెప్పలేదు" అన్నాడు తమ్ముడు.

రాత్రి అటుగా ఎవరైనా వచ్చారా అని అక్కని అడిగారు. ఆమె తమ్ముడి పాదాల వంక చూసింది. చెప్పుల్లేవు. తల అడ్డంగా ఊపింది... ఎవరూ రాలేదని.

అక్క కోలుకుంది గానీ గొంతు మళ్ళీ రాలేదు. చెవి దగ్గర పెడితే తప్ప వినపడని గుసగుస, అంతే. ఒక రాత్రి అన్నం పెడుతూ ఆ గుసగుసతోనే అందట:

"నీ ఈల విని ఒక్కసారే పిలిచానురా. మళ్ళీ పిలుద్దామంటే గొంతు రాలేదు. నీకు వినపడి ఉండదులే."

తమ్ముడు ముద్ద కంచంలోనే వదిలేశాడు. ఒక్కసారే... మరి వీధి చివర పిలిచింది?

మేస్త్రీ నన్నూ ఇదే అడిగాడు. నాకు తెలియదన్నాను. తెలియనిది నేను రాయను.

కానీ మా పేట రాసేసింది. దిగిన ఆవిణ్ణి దెయ్యమే మళ్ళీ పైకెత్తుకు పోయిందనీ, గొంతు పీక్కుందనీ, తమ్ముడు రాత్రంతా దానితో పోరాడి తెల్లారేసరికి అక్కని దింపించాడనీ. ఈ మాట మొదట టీ కొట్టు దగ్గర పుట్టింది. తమ్ముడు అవుననలేదు, కాదనలేదు. మరుసటేడు సంబరంలో గొడుగాయన మైకు చేతికిచ్చి, ఆ కథ నువ్వే చెప్పు, జనం వస్తారన్నాడు. గంటలాంటి గొంతాయె. చెప్పాడు. జనం వచ్చారు. ఏటా చెబుతూనే ఉన్నాడు. బండి దగ్గర అక్క ఆ కథ వింటూ, కేక వేయలేక, పట్టకారుతో కుంపటి అంచు మీద టంగు టంగున కొట్టి జనాన్ని పిలుచుకునేది.

మేస్త్రీ మాటేమిటంటారా. దెయ్యం పట్టిన చక్రమని మావాళ్ళు పంపేశారు. పేరు ఆయనకన్నా ముందు నడిచింది. ఏ పేట సంబరానికీ పిలుపు రాలేదు. చక్రం ఊరి బయట తుప్పు పట్టి పడి ఉంది. తొట్లలో కోళ్ళు పొదుగుతున్నాయి.

పోయినేడు అక్క కన్నుమూసింది. కర్మలయ్యాక తమ్ముడు మేస్త్రీ గడప తొక్కాడు. ఇదంతా చెప్పి, గోడకి తల ఆనించి చాలాసేపు ఏడ్చాడట. మేస్త్రీ ఓదార్చి, తనకి చెప్పిందే ఆ మైకులో చెబితే చాలన్నాడు. తమ్ముడు లేచి, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఆ ఏడు సంబరంలో మళ్ళీ దెయ్యం కథే చెప్పాడు. నేను ముందు వరసలోనే కూర్చుని విన్నాను. కొత్తగా తోక కూడా తగిలించాడు, అక్క ఇప్పుడు ఆ దెయ్యంతో కలిసి పిలుస్తోందని.

నన్ను కాల్చింది ఆ తోకే. నోరు లేక బతికి, నిన్ను కాపాడడానికే తల ఊపి, పోయిన మనిషిని— దెయ్యం చేశావు.

మళ్ళీ సంబరం దగ్గరికొచ్చింది. మైకు నీ చేతికే ఇస్తారు. కమిటీవాళ్ళని నేను అడగను. గొడుగాయన నీడలో నిలబడే రోజు నాకు రావద్దు. నిన్నే అడుగుతున్నాను. పెద్ద కథ అక్కర్లేదు. ఆ రాత్రి దిగింది అన్నది నేనే, మేస్త్రీ తప్పు లేదు, మా అక్క ఎవరినీ పీడించే మనిషి కాదు— ఇంతే చెప్పు. చదవడం రాకపోతే ఇది ఎవరితోనైనా చదివించుకో.

వయసులో పెద్దవాణ్ణి. వరస పెట్టే పిలుస్తున్నాను.

తమ్ముడూ... ఈసారైనా పలుకు.