ఖాళీ గళ్ళలో బావ పేరు

రహస్య సందేశం మోస్తున్న కొరియర్‌ను లిఫ్ట్‌లోనే కాల్చేశారు. పక్కనే నిలబడ్డ ఏజెంటుకు గీత కూడా పడలేదు. ఆనాటినుంచి అతనికి ఆకలి లేదు, భయం లేదు, ఏడుపూ లేదు. శత్రువుల్ని ఆనవాలు లేకుండా ఊడ్చేస్తాడని డిపార్ట్‌మెంట్‌లో అతన్ని చీపురు అంటారు.

చీఫ్ తలుపు వేశాడు.

"మన వాళ్ళ పేర్లు విదేశీ ముఠాకి ఎలా చేరుతున్నాయో తెలిసింది. సందేశాల్ని డీకోడ్ చేసే ఇంటర్‌ప్రెటర్ ప్రోగ్రామ్ ఉంది చూశావూ, అది వాడేసిన మెమరీని సిస్టమ్‌కి తిరిగివ్వదు. మళ్ళీ పనికొస్తుందని దాచుకుంటుంది. తుడవకుండా! అందులో మిగిలిపోయిన పేర్లని లోపలివాళ్ళెవరో చదివి అమ్ముతున్నారు."

"ఎందుకు సార్?"

"ఒకప్పుడు మెమరీ అడిగి తెచ్చుకోడానికి ఆలస్యమయ్యేది. స్పీడ్ కోసం ఎవరో మహానుభావుడు ఈ దాచుకునే కోడ్ పెట్టాడు. ఇప్పుడు సిస్టమే చిటికెలో ఇస్తుంది, వెనక్కి తీసుకోగానే తుడిచేస్తుంది. పోయి ఆ కోడ్ పీకెయ్. సాయంత్రం శత్రువుల మధ్య ఉన్న మీ బావ సందేశం వస్తుంది. ఆయన దాక్కున్న చోటు అందులోనే ఉంటుంది."

అక్క మొగుడు. చీపురు గుండె దడదడలాడాలి. ఏమీ కాలేదు.

మెడలో దొంగ బ్యాడ్జీ వేసుకుని, కాంట్రాక్ట్ ప్రోగ్రామర్‌గా డీకోడింగ్ సెంటర్‌లో చేరాడు. అక్కడ ఏ మార్పుకైనా రివ్యూ మేడమ్ ఒప్పుకోవాలి. ఎర్రటి లిప్‌స్టిక్, ఖరీదైన సెంటు, తీయటి గొంతు.

"అది తీస్తే సగానికి సగం స్లో అవుతుందండీ. పాత కోడ్ జోలికి ఇక్కడెవరూ పోరు," అంటూ స్పీడ్ టెస్ట్ చూపించింది.

నిజమే, ఎవరూ పోలేదు. ఆ టెస్ట్ ఏ మెషీన్ మీద నడిచిందనీ ఎవరూ అడగలేదు. చీపురు ఆ కోడ్ తీసేసి కొత్త మెషీన్ మీద నడిపి చూశాడు.

"ఇందులో తేడా వెంట్రుకవాసి కూడా లేదు మేడమ్. మీరు మూలనున్న ఆ డొక్కు మెషీన్ మీదే ఎందుకు చూపిస్తున్నారు?"

ఆమె నవ్వి లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల పిస్టల్ గొట్టం.

"రెండు వైపులా జీతం తీసుకుంటున్నానులే. చేతులెత్తు."

ఎత్తాడు. ఎత్తేముందు చిటికెనవేలు ఎంటర్ నొక్కేసింది. పాత ఇంటర్‌ప్రెటర్ ఆగి కొత్తది లేచింది. మరుక్షణమే బావ సందేశం వచ్చింది. పేర్ల కోసం ఆమె, ఆ మెమరీని దొంగచాటుగా చదివే తన ఫోన్ వైపు చూసింది. తుడిచేసిన మెమరీ, స్క్రీన్ నిండా సున్నాలు. ఆ ఒక్క చూపు చాలు, చీపురు ఆమె మణికట్టు విరిచి పట్టుకున్నాడు.

నాలుగు రోజులకు అక్క ఫోన్ చేసింది.

"మీ బావ ఇల్లు చేరారురా."

చీపురుకు చాలా రోజులకు ఏడుపొచ్చింది.

"ఏమైందిరా? అసలు నువ్వేం ఉద్యోగం చేస్తావో ఇప్పటికైనా చెప్పు."

"ఎవరూ ముట్టుకోని పాత చెత్త తీసేస్తుంటానక్కా."

"నువ్వా! ఎప్పుడైనా నీ గది చూసుకున్నావా?"