ఎడమ సీటు బరువు

“పిచ్ ఎంత?” అని అడిగింది ఆ అమ్మాయి, లేతు మిషను మీద నుంచి తల ఎత్తకుండానే.

సోమేశ్వర్ చుట్టూ చూశాడు. పొద్దున వికారాబాద్‌లో ప్యాసింజరు ఎక్కి, తాండూరులో దిగి, భుజాన గోనెసంచితో దారి అడుగుతూ అడుగుతూ ఈ షెడ్డుకు వచ్చాడు. బాల్‌రాజ్ అనే పెద్దాయన ఉంటాడని చెప్పారు. తీరా చూస్తే ఉన్నది పరికిణీ మీద మగవాళ్ల ఖాకీ చొక్కా తొడుక్కుని, జడను చొక్కా లోపలికి దోపుకున్న ఇరవై ఏళ్ల పిల్ల.

“బాల్‌రాజ్ కాక లేడా?”

“నాయన కరణ్‌కోట పోయిండు. పిచ్ ఎంత అని అడిగిన.”

“మామూలుదే.”

ఆమె మిషను ఆపింది. “మామూలు చాయ్ ఉంటది. మామూలు బీడీ ఉంటది. మామూలు చూడీ ఉండదు. చూడీల ఒక మరకూ ఇంకో మరకూ నడుమ సందు ఎంతుండాలె?”

సోమేశ్వర్ గోనెసంచిని ఇంకో భుజానికి మార్చుకున్నాడు. వికారాబాద్ బస్టాండు దగ్గర ఆరేళ్లుగా స్పానర్ పట్టినవాడికి, ఒక ఆడపిల్ల ముందు ఇంత తెల్లమొహం వేయాల్సి వస్తుందని ఏనాడూ అనిపించలేదు.

చివరికి జేబులోంచి ఒక కాగితం తీశాడు. పాత పేపర్ల దుకాణంలో దొరికిన ఇంగ్లిష్ మ్యాగజైన్‌లోని బొమ్మ అది. షాకబ్సర్ చుట్టూ స్ప్రింగు, స్ప్రింగు కింద మరలున్న పైపు, దాని మీద తిరిగే రింగు. రింగు పైకి తిప్పితే బండి లేస్తుంది, కిందికి తిప్పితే దిగుతుంది.

“మా ఉస్తాద్ కరీముద్దీన్‌ది రెండు సీట్ల చిన్న కారు. ఎర్రది. ఇంగ్లండుది. షాకబ్సర్లన్నీ పోయినయి. కొత్తవి తెప్పించాలంటే కారు అమ్మాలె. అందుకే పాత వ్యాను షాకబ్సర్లు, ఆటో స్ప్రింగులు పట్టుకొచ్చిన. పైపులకు చూడీ కోసి, రింగులు చేసిస్తే చాలు.”

ఆమె బొమ్మను వెలుతురుకు పట్టి చూసింది. ముఖం మెల్లగా విచ్చుకుంది. “ఇదా! మా బండల పాలిష్ మిషనుకు గిట్లాంటిదే ఉంటది. ఒక రింగు ఎత్తు పెట్టేతందుకు, రెండోది అది జారకుండ బిగించేతందుకు. రెండు మిల్లీమీటర్ల పిచ్ కోస్త. నాలుగు పైపులా?”

“నాలుగు. ఒక్కోటి నాలుగంగుళాలు కోస్తే చాలు.”

శనివారం వచ్చి చూస్తే ఒక్కోదాని మీద ఆరంగుళాలు ఉన్నాయి.

“నాలుగు చాలన్న కదా?”

“ఉండనీ. పనికొస్తది,” అంది ఆమె చేతులు తుడుచుకుంటూ.

రింగు వేసి వేలితో తిప్పాడు. ఎక్కడా పట్టుకోలేదు, ఎక్కడా వదులు లేదు. ఇంత శుభ్రమైన పని అతను హైదరాబాద్‌లో కూడా చూడలేదు. ఆ మాట పైకే అన్నాడు. ఆమె నవ్వి, “నా పేరు కస్తూరి,” అంది. అతను అడగలేదు. అడగాలనుకుని వారమైంది.

అది ఎనభై మూడో సంవత్సరం వానాకాలం. హైదరాబాద్ నుంచి కార్ల పిచ్చి ఉన్నవాళ్లు కొందరు వచ్చే ఆదివారం అనంతగిరి ఘాటు మీద పందెం పెట్టుకున్నారు. ఒక్కొక్క కారే ఎక్కాలి, డ్రైవరు పక్కన ఒక మనిషి తప్పక కూర్చోవాలి. పదిహేనేళ్లుగా ఆ ఎర్ర కారును కన్నబిడ్డలా చూసుకుంటున్న కరీముద్దీన్‌కు అందులో ఒక్కసారి ఆ ఘాటు ఎక్కాలని కోరిక. నడిపేది సోమేశ్వర్, పక్కన ఉస్తాద్.

పైపులు బిగించి, బుధవారం కారును తాండూరు తెచ్చాడు సోమేశ్వర్. బిగించగానే పని అయిపోదు. నాలుగు చక్రాల మీద బరువు సరిగ్గా పడేలా రింగులు తిప్పాలి. దానికి తూకం కావాలి. ఆ ఉపాయం కూడా కస్తూరిదే. కందుల సీజను కాదు గనక, పక్కనే ఉన్న అడ్తి దుకాణంలో బస్తాలు తూచే కాంటా ఖాళీగా ఉంది. ఒక చక్రం కాంటా మీద, మిగతా మూడూ అదే ఎత్తుకు పేర్చిన తాండూరు బండల మీద. ఆ బండలు ఆమే పేర్చింది, నీటిమట్టం పెట్టి మరీ.

“కాంటా సరిగ్గుందా?” అన్నాడు సోమేశ్వర్.

“తెలిసిన బరువు పెట్టి చూడాలె.” ఆమె తనే ఎక్కి నిలబడి ముల్లు చూసింది. “నలభై ఎనిమిది. సరిగ్గనే ఉంది.”

“ఆడపిల్ల బరువు అందరి ముందట చెప్తరా?”

“అందరెవరు? మీరొక్కరే కదా,” అంది. అతను వెంటనే వంగి, చక్రంలో ఏదో పడిపోయినట్టు వెతికాడు.

ఉస్తాద్ వికారాబాద్‌లో ఉన్నాడు గనక అతని బదులు ఎడమ సీట్లో కందుల బస్తా పెట్టారు. తాండూరు గంజి బజారులో బస్తా అంటే క్వింటాలు, ఉస్తాద్ బరువూ సరిగ్గా అంతే. స్టీరింగు దగ్గర సోమేశ్వర్ కూర్చుంటే, కస్తూరి రింగులు తిప్పుతూ ముల్లు చదివింది. ఎడమ వైపు రెండు రింగులూ ఒక చుట్టు తిప్పితే పదమూడు కిలోల తేడాను సర్దుతున్నాయని కనిపెట్టింది. అన్నీ సరిపోయాక ఆకురాయితో పైపు మీద గీట్లు పెట్టింది.

“ఈ గీటు దాటొద్దు. దాటితే మా షెడ్డు పూచీ లేదు.”

అంతా సవ్యంగా ముగిసేదే, పదకొండు గంటల బస్సు పోకుండా ఉంటే. కరణ్‌కోట గనిలో బాల్‌రాజ్ విప్పి పెట్టిన మిషనుకు ఒక ఇరుసు అందాలి. కస్తూరి దాన్ని పట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తేసరికి బస్సు మలుపు తిరిగిపోయింది.

“ఏం చేద్దాం?” అన్నాడు సోమేశ్వర్. ఏం చేయాలో అతనికి అప్పటికే తెలుసు.

బస్తా దించారు. ఆ సీట్లో ఒళ్లో ఇరుసుతో కస్తూరి కూర్చుంది. బస్తాకు సరిచేసిన ఎడమ పక్క ఈమెకు పైకి లేచి నిలబడింది. గుంట వచ్చినప్పుడల్లా ఆమె ఎగిరి సీట్లో పడుతోంది.

“అబ్బ! నడుము విరుగుతది. ఇది కారా, ఎడ్లబండా?”

“మీరు కోసిన చూడీలే కదా!”

“చూడీలనేం అనకుండ్రి. బస్తాను కూసోబెట్టే సీట్ల మనిషిని కూసోబెట్టిండ్రు.”

గని దగ్గర బాల్‌రాజ్ ఇరుసు అందుకున్నాడు. సన్నగా, పొడుగ్గా, తక్కువ మాట్లాడే మనిషి. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. “మంచిగ కట్టినవయ్యా,” అన్నాడు సోమేశ్వర్‌తో. “నాకు పొద్దుగూకే దాక పనుంది. బిడ్డను ఇంటికాడ దింపు. మెల్లగ పోనీ.”

ఇరుసు సరిపోయిందో లేదో చూడడానికి తండ్రితో కస్తూరి లోపలికి వెళ్లింది. ఆ పది నిమిషాల్లో సోమేశ్వర్ జాకీ వేశాడు. లాక్ నట్టు వదులు చేసి, ఎడమ వైపు రెండు రింగులనూ నాలుగు చుట్లు కిందికి దింపి, మళ్లీ బిగించాడు. ఆమె వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు అద్దం తుడుస్తున్నాడు.

తిరుగుదారిలో కారు గుంటల మీద నుంచి మెత్తగా దిగి, మెత్తగా లేచింది. మలుపుల్లో నాలుగు చక్రాలూ నేలను పట్టుకునే ఉన్నాయి.

“ఇదేంది! ఇంతకుముందు ఎత్తేసింది కదా?”

“అటు పోయే రోడ్డు మంచిగ లేదు.”

“అదే రోడ్డు కదా!”

“ఇప్పుడు రోడ్డుకు అవతలి పక్క వస్తున్నం,” అన్నాడు. ఆమె నమ్మలేదు గానీ నవ్వింది.

అప్పుడే వాన మొదలైంది. కారుకు కప్పు లేదు. సీటు వెనకున్న ఖాళీ గోనెసంచిని కస్తూరి కొప్పెరలా మడిచి తల మీద వేసుకుంది. రెండోది తీసి అతని తల మీద వేసింది. వాన నీళ్లు ముక్కు మీదుగా కారుతుంటే ఆమె ఇంజను చప్పుడు వింటూ, “ఎక్కడా కటకటమంటలేదు,” అని మురిసిపోయింది. తన పనిని ఇంత ఇష్టంగా వినే మనిషిని అతను ఇంతవరకు చూడలేదు. తాండూరు ఇంకో వంద మైళ్ల దూరంలో ఉంటే బాగుండునని గట్టిగా అనిపించింది.

ఆ తర్వాత రింగులను మళ్లీ గీటు దాకా ఎక్కించాలి. గురువారం స్పానర్ తీశాడు, పెట్టేశాడు. శుక్రవారం కూడా అంతే. శనివారం జాకీ కూడా వేసి, ఎడమ సీటు వైపు చూస్తూ కూర్చున్నాడు. రేపు పొద్దున చేద్దాంలే అనుకున్నాడు. ఆ పొద్దున ఉస్తాద్ అత్తరు పూసుకుని, నల్ల కోటు వేసుకుని, ఐదింటికే కారులో ఎక్కి కూర్చున్నాడు.

అనంతగిరి కింద ఎనిమిది కార్లు వరసగా నిలిచాయి. బాల్‌రాజ్, కస్తూరి కూడా తమ పని చూసుకోవడానికి మొదటి ప్యాసింజరుకు వచ్చారు. పందేనికి ముందు ఒకసారి చూసుకుందామని సోమేశ్వర్ ఉస్తాద్‌తో మొదటి మలుపు దాకా వెళ్లొచ్చాడు. మలుపులో కారు ఎడమకు కుంగింది. టైరు మడ్‌గార్డుకు రాసుకుని, కాలిన రబ్బరు వాసన వచ్చింది.

హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకాయన వంగి చూశాడు. “లోకల్ లేత్ వర్క్ కదా! థ్రెడ్ స్లిప్ అయ్యుంటుంది.”

కస్తూరి ముఖం పాలిపోయింది. బాల్‌రాజ్ కూతురి వైపు తిరిగి, “బిడ్డా, చూడీ జారిందా?” అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఆమె చేసిన రింగులున్న మిషన్ల కింద రోజూ మనుషులు పని చేస్తారు.

కస్తూరి మోకాళ్ల మీద కూర్చుని చక్రం వెనక చెయ్యి పెట్టింది.

ఒక్క క్షణం ఊరుకుంటే చాలు. రింగులు ఎక్కించేస్తే, చూడీ జారింది కాబోలు అనుకుని అందరూ మర్చిపోతారు. సోమేశ్వర్‌కు ఆ సంగతి తెలుసు. ఆమె వంచిన తలను చూసి ఒక అడుగు ముందుకు వేశాడు.

“జారలేదు కాకా,” అన్నాడు. “ఆమె పనిల ఏ తప్పూ లేదు. నేనే దింపిన.”

“దింపి మర్చినవా?” అన్నాడు కరీముద్దీన్.

“మరవలేదు ఉస్తాద్. ఎక్కించనీకి చేతులు రాలేదు.”

“అరే! చేతులు రాకపోవుడేంది? ఎవరి బరువుకు కట్టినవ్ రా దీన్ని?”

చక్రం వెనక నుంచి కస్తూరి గొంతు వినబడింది, లెక్క చేసేటప్పటి గొంతు.

“లాక్ నట్టు గట్టిగనే ఉంది. గీటు కింద నాలుగు చుట్లు. చుట్టుకు పదమూడు. బస్తా క్వింటాలు. దాంట్ల యాభై రెండు తీసేస్తే నలభై...” అక్కడ ఆగిపోయింది.

“నలభై ఎంత?” అన్నాడు ఉస్తాద్.

“నలభై ఎనిమిది,” అన్నాడు సోమేశ్వర్ బాల్‌రాజ్ కళ్లలోకి చూస్తూ. “ఉస్తాద్ కారు అని తెలుసు. పందెం అని తెలుసు. అయినా ఆ సీట్ల ఇంకెవరినీ అనుకోలేకపోయిన కాకా. తప్పు నాదే. ఎక్కియ్యమంటే ఇప్పుడే ఎక్కిస్త.”

బాల్‌రాజ్ వంగి చక్రం వెనక తన చెయ్యి పెట్టి, లాక్ నట్టును వేళ్లతో గట్టిగా తిప్పి చూశాడు. అది కదల్లేదు.

“దొంగతనంగ చేసినా బందోబస్తుగ చేసినవ్,” అన్నాడు లేస్తూ. కూతురి వైపు చూశాడు. “నీ మాటేంది బిడ్డా?”

కస్తూరి లేచి పరికిణీకి అంటిన మట్టి దులుపుకుంది. “ఉస్తాద్ దిగాలె కదా నాయనా,” అంది.

కరీముద్దీన్ ఫక్కున నవ్వి తలుపు తెరిచాడు. “పదిహేనేండ్లు ఆగిన. ఇంకో ఆదివారం ఆగలేనా? ఎక్కు బేటీ! మొగులప్ప కొడుకు వీడు, ఇంతవరకు నాకొక్క అబద్ధం చెప్పలేదు, ఇయ్యాల కూడ చెప్పలేదు. వీని పూచీ నాది.”

“పూచీ తర్వాత. పందెం అయినంక మీ నాయన మొగులప్పన్నను తాండూరు తోలుకరా,” అన్నాడు బాల్‌రాజ్ సోమేశ్వర్‌తో. “నిలవడి మాట్లాడే ముచ్చట కాదిది.”

జెండా ఊపారు. ఎర్ర కారు మొదటి మలుపు తీసుకుంది. ఎక్కడా కుంగలేదు, ఎక్కడా రాసుకోలేదు. తడి రోడ్డు మీద మలుపు తర్వాత మలుపు తిరుగుతుంటే, కస్తూరి డాష్‌బోర్డు పట్టుకుని, “ఇంకా తొక్కు, ఇంకా తొక్కు! పట్టుకునే ఉన్నయి!” అని అరిచింది. ‘మీరు’ అనడం ఎప్పుడు మానేసిందో ఇద్దరికీ తెలియలేదు.

ఎనిమిదింట్లో మూడో స్థానం వచ్చింది. హైదరాబాద్ ఆయనకు ఆరోది.

కొండ మీద ఇంజను ఆపాక, మబ్బు కింద తడిసిన అడవి వైపు చూస్తూ కస్తూరి అడిగింది.

“నలభై ఎనిమిదికి కట్టినవ్ సరే. రేపు నేను లావైతే?”

“రింగు ఎక్కిస్త.”

“ఇంకా లావైతే? ఒళ్లె పిల్లలు గిట్ల కూసుంటే?”

సోమేశ్వర్ చెవులు ఎర్రబడ్డాయి. “అయినా ఏం ఫికర్ లేదు. పైన ఇంకా మస్తు చూడీలు ఖాళీగున్నయి.”

“నాకు తెల్వదా?” అంది కస్తూరి. “నాలుగంగుళాలంటే ఆరు ఎందుకు కోసిన మరి?”