కథకో మనిషి కావాలి

అసుర సంధ్య! పగలు ప్రాణం విడిచి, రాత్రి ఇంకా కళ్ళు తెరవని భయానక ఘడియ... కారుమేఘాలు ఆకాశాన్ని కాటుకలా కమ్మేశాయి. దిక్కులు పగిలేలా ఉరిమింది! ఎక్కడో గుడ్లగూబ గొంతు విప్పింది...

వీధి చివర, అద్దాలకు పాదరసం పూసే దుకాణం మెట్లెక్కింది రచయిత్రి.

వారపత్రికకు క్షుద్ర కథ కావాలి. ఆమె చెప్పిన ప్రతి విషయాన్నీ సంపాదకుడు తోసిపుచ్చుతున్నాడు. "తెల్లబట్టల దయ్యమా? దాన్ని పాఠకులు ఇప్పుడు కుశలమడుగుతున్నారండీ! నిజంగా వెన్ను వణికే విషయం ఎంచుకోండి" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చాడు అద్దాలవాడు. ఆ వీధిలో పండుముసలివాళ్ళు సైతం తమ చిన్నతనంలో అతన్ని ఇదే నలభయ్యేళ్ళ ముఖంతో చూశామంటారు. అంతకంటే మంచి విషయం ఎక్కడ దొరుకుతుంది?

లోపల అద్దాలన్నీ గోడవైపు తిరిగి ఉన్నాయి. బల్లమీద మసిబారిన కపాలం... శూన్య నేత్రకుహరాలతో ఆమెనే చూస్తోంది!

"కథ ఇస్తాను తల్లీ" అన్నాడు అద్దాలవాడు తీయగా. "కథకో మనిషి కావాలి కదా? ఎవరి మీద రాస్తావో నువ్వే ఎంచుకో."

"ఎవరో ఏమిటి... మా చెల్లెలే అనుకోండి. కుట్టుపని చేస్తుంది. తన మీద రాయమని ఎప్పుడూ నా ప్రాణం తీస్తుంటుంది" అని నవ్వింది ఆమె.

అతను నవ్వలేదు. కపాలం నుదుట మసి పూశాడు. పెదవులు చకచకా కదిలాయి.

"రక్తసంబంధీకుల నోటినుంచి రావాల్సిన మాట వచ్చింది! ఇక ఆ ఆయువు నాది!"

పెళపెళమంటూ పిడుగు పడింది!  రచయిత్రి చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి పరుగెత్తింది.

ఇంట్లో కుట్టుమిషను దడదడలాడుతోంది... దారం లేదు, బట్ట లేదు. చెల్లెలు కాలితో ఉధృతంగా తొక్కుతోంది. విరబోసుకున్న జుట్టు, రక్తవర్ణపు కళ్ళు, నురగలు కక్కుతున్న నోరు!

"చెల్లీ!"

"చెల్లి లేదు!" ఆ కంఠం ఆ పిల్లది కాదు. ఏదో శిథిల సమాధిలోంచి వచ్చిన ఘోష! "దీపాలు పెట్టేలోగా దీన్ని తీసుకు రమ్మన్నాడు..."

చెల్లెలి వేళ్ళు తన మెడనే నులుముతున్నాయి. రచయిత్రి ఆ చేతుల్ని లాగింది. ఇనుప కమ్ముల్లా కదలవు! నోటి తొందరలో తనే అప్పగించింది ఈ ప్రాణాన్ని... ఆమె ఆ పాదాల దగ్గర కూలబడింది.

"అమ్మా... నువ్వెవరు? నీకేం అన్యాయం జరిగింది? నాకు చెప్పు!"

మిషను ఆగింది. వేళ్ళు సడలాయి.

"ఎవరూ... అడగలేదు నన్ను..." ఆ ఘోష తడబడింది. "పొమ్మన్నారు, కొట్టారు... ఎవరివని అడగలేదు. నేను... నేనెవరిని?"

"నెమ్మదిగా గుర్తు తెచ్చుకో. నేను వింటున్నా."

ఒక్కసారిగా హృదయవిదారకమైన ఏడుపు!

"ఆ అద్దాలవాడికి అక్కని! అమ్మ పోతే చంకనేసుకుని పెంచాను. నేను పస్తుండి వాడికి పెట్టాను. వాడి మొదటి బలి నేనే, వాడి బల్లమీది కపాలం నాదే! నన్ను నేను మరిచిపోయేలా మంత్రం వేశాడు..."

అంతలో తలుపులు భళ్ళున తెరుచుకున్నాయి! గుమ్మంలో అద్దాలవాడు... చేతిలో కపాలం.

"పిశాచీ! ఇంకా ఆలస్యమా? లే!"

రచయిత్రి అడ్డంగా నిలబడింది. "నా చెల్లెల్ని ముట్టుకున్నావంటే చీరేస్తా!"

"తప్పుకో! నిన్నూ బూడిద చేస్తాను!" కపాలాన్ని పైకెత్తి మంత్రం అందుకున్నాడు. సగంలోనే చెల్లెలి నోటినుంచి ఆ ఘోష అడ్డుపడింది.

"పిశాచి కాదురా... అక్కని."

అతని ముఖం పాలిపోయింది. "నీకు... నీకెలా గుర్తొచ్చింది?"

చెల్లెలి దేహంలోంచి ధూమరాశి ఒకటి సుడులు తిరుగుతూ లేచింది! మహోగ్రమైన ఆ ఛాయ అతణ్ణి ఆపాదమస్తకం చుట్టేసింది. దొంగిలించిన ఏళ్ళన్నీ ఒక్కసారిగా మీదపడ్డాయి... జుట్టు నెరిసింది, పళ్ళు రాలాయి, చర్మం ఎండుటాకులా ముడుచుకుపోయింది!

"అక్కా! వద్దక్కా... నీ తమ్ముణ్ణే!"

ఆ ఛాయ క్షణకాలం ఆగింది. తర్వాత, చంటివాణ్ణి హత్తుకున్నట్టు, మరింత గట్టిగా బిగిసింది.

ఆర్తనాదం... ఆపైన గుమ్మంలో పిడికెడు బూడిద!

తెల్లవారాక, వాన వెలిసిన నేలలో గుంట తవ్వింది రచయిత్రి. కపాలానికి పట్టిన మసిని కొంగుతో తుడిచి, రెండు చేతులా అందులో దింపింది. గోడకు ఆనుకుని నిలబడ్డ చెల్లెలు, మెడమీది కమిలిన గుర్తుల్ని తడుముకుంటూ నీరసంగా అడిగింది.

"ఎవరక్కా ఆవిడ?"

 రచయిత్రి పిడికెడు మట్టి తీసి నెమ్మదిగా వేసింది.

"ఓ అక్క. తమ్ముణ్ణి పెంచింది... పస్తుండి."