జంట పంచమం

పరంజ్యోతి టీ గ్లాసు పక్కన పెట్టి తెర తాకేసరికి, పాటలు దిద్దే యంత్రం జోడీ అప్పటికే ఆ వారం పాట మీద ఎర్రగీతలు గీసేసింది. జోడీకి మొహమాటం లేదు. పిల్లలు రాసినా పెద్దలు రాసినా, కింది గొంతు పై గొంతుతో ఎక్కడ పొసగలేదో చూసి గీత పెట్టడం ఒక్కటే దానికి తెలుసు. కాపీ కొట్టినవాణ్ణి పట్టుకున్న మాస్టారంత సంబరంగా గీస్తుందని పరంజ్యోతికి అనుమానం.

సముద్రం అడుగున ఉన్న దిగువూరుకు రెండు పంపులు గాలి పోస్తాయి. చప్పుడు ఎలాగూ తప్పదు కదా అని, ఊరు కట్టినవాళ్లు ఆ చప్పుడుకే స్వరాలు కట్టారు. పెద్ద పంపు ఎప్పుడూ ఒకటే పాట పాడుతుంది. అది ఆధారగీతం. చిన్న పంపు పాడే కింది గొంతును వారానికొక ఇల్లు వంతుగా రాస్తుంది. స్వరానికి స్వరం పొసగాలి, అయినా ఏ గొంతు ఆ గొంతుగా విడిగా వినబడాలి. అప్పుడే ఒక పంపు ఆగితే చెవికి తెలుస్తుంది. రెండు గొంతులూ సా–పాల ఎడంతో వరసగా కలిసి నడిస్తే మాత్రం ఒకదానిలో ఒకటి కరిగిపోయి ఒకే గొంతులా వినిపిస్తాయి. దాన్ని జంట పంచమం అంటారు. దిగువూరులో అంతకు మించిన తప్పు లేదు.

ఈ వారం వంతు యేసురత్నానిది. చిన్న పంపును ఇన్నేళ్లూ కంటికి రెప్పలా చూసుకున్న మెకానిక్కు ఆయనే. పోయిన వానాకాలంలో భార్య సంతోషమ్మ చనిపోయింది. నాలుగు స్వరాల మేర జంట పంచమం ఉందని ఆయన పాటను జోడీ తిప్పి పంపడం, ఆయన అదే పాటను మళ్లీ పంపడం ఇప్పటికి మూడుసార్లు అయింది. మధ్యాహ్నం గంట కొట్టేలోపు పాట పంపుకు చేరకపోతే వంతు పక్కింటికి పోతుంది. ఊరంతా తిరిగి అది మళ్లీ తన గడప తొక్కేదాకా తాను ఉంటానన్న నమ్మకం ఆయనకే లేదు.

అందుకే, ఏ పాటకైనా చివరి మాట చెప్పాల్సిన పరంజ్యోతి ఆయన్ని పిలిపించింది. ఒక స్వరం ఎక్కించి, ఒకటి దించి, జోడీ మెచ్చేలా పాటను తనే సరిచేసి వినిపించింది. యేసురత్నం గ్రీజు చేతులు ఒళ్లో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుని బుద్ధిగా విన్నాడు.

"బాగుందమ్మా. కానీ అది నేను కాదు."

"మరి ఈ నాలుగు స్వరాలూ అలాగే ఎందుకుండాలి బాబాయ్?"

"చర్చిలో మీ పిన్ని ఈ పెద్ద పంపు పాటే ఎత్తుకుంటే అక్కడ పైకెళ్లిపోయేది. నాకందేది కాదు. అందక, అదే పాట కింద పాడుకుంటా ఆవిడెనకాలే పోయేవోణ్ణి. పెళ్లయిన కాణ్ణుంచీ అంతే. దానికి తప్పని పేరుందని నీ జోడీ చెప్పేదాకా నాకు తెల్దు."

పరంజ్యోతికి నవ్వొచ్చింది, వెంటనే కళ్లలో నీళ్లూ వచ్చాయి. చిన్నప్పుడు ముందు బెంచీలో కూర్చుని ఆ పాట వింటూ పిన్ని ఒక్కతే పాడుతోందనుకునేది. బాబాయి జ్వరంతో రాని ఒక ఆదివారం పిన్ని గొంతు చిక్కిపోయినట్టు వినిపించింది. ఎందుకో ఆ వయసులో అర్థం కాలేదు. ఈ మనిషిని కాదనడం తన వల్ల కాదని ఇప్పుడు మాత్రం బాగా అర్థమైంది.

కానీ నియమం ఊరికే పెట్టింది కాదు. సరిగ్గా ఆ నాలుగు స్వరాలప్పుడే చిన్న పంపు ఆగితే ఎవరికి తెలుస్తుందని అడిగింది.

"నేను పక్కనే కూర్చుంటా. పాట అక్కడికొచ్చినప్పుడల్లా చెయ్యేసి చూస్తా."

"వారమంతానా?"

"ఇంట్లో ఎవరున్నారని పోవాలమ్మా?"

ఆయన భోజనం చేసి కునుకు తీసేంతసేపు తాను కూర్చుంటానంది. ఆయన వద్దనలేదు.

తెర మీద జోడీ రెండే గడులు చూపించింది: తప్పు, ఒప్పు. ఒప్పని నొక్కితే జోడీ దాన్ని నేర్చేసుకుంటుంది. రేపు ఎవరు రాసినా, పంపు దగ్గర ఎవరూ లేకపోయినా జంట పంచమాన్ని వదిలేస్తుంది. తప్పని నొక్కితే పాట పంపుకు వెళ్లదు. పరంజ్యోతి తప్పనే నొక్కింది. ఆ తర్వాత, ఎవరూ వాడక బిగుసుకుపోయిన చేతిమీటను రెండు చేతులతో లాగి పాటను తనే చిన్న పంపుకు పంపింది.

తెర మీద జోడీ ప్రశ్న వచ్చింది. 'తప్పన్నారు. పంపారు. ఏది నిజం?'

'రెండూ. ఆయన పంపు దగ్గర ఉంటారు' అని పరంజ్యోతి రాసింది.

గంట కొట్టాక కొత్త పాట మొదలైంది. నాలుగు స్వరాల చోటుకు వచ్చేసరికి రెండు గొంతులూ ఒకటైపోయాయి. కూర తరుగుతున్నవాళ్లు కత్తి ఆపారు. పంపులను చెవిన పెట్టడం ఎప్పుడో మానేసిన ఊరు ఒక్కసారిగా తలెత్తింది. చిన్న పంపు ఆగిందేమోనని పరిగెత్తి వచ్చినవాళ్లకు, దాని ఒంటి మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, తనూ సన్నగా పాడుకుంటున్న యేసురత్నం కనిపించాడు. కొందరు తిరిగి వెళ్లకుండా అక్కడే కూర్చున్నారు.

తర్వాతి వారం వంతు ఒక బడిపిల్లది. జోడీ ఎప్పటిలాగే నిర్దాక్షిణ్యంగా ఎర్రగీత గీసింది. దాని కింద, ఎవరూ నేర్పని ప్రశ్న ఒకటి వచ్చి ఆగింది.

'తప్పు. దగ్గర ఎవరైనా ఉంటారా?'