రేగడికి నాలుగో స్థానం

2078 నాటికి తెలుగునాట కొత్తవాళ్ళు ఇద్దరు ఎదురుపడితే అడిగే మొదటి ప్రశ్న మారిపోయింది. "మీదే ఊరండీ?" అని అడగడం మానేసి "మీదే రాజధాని?" అని అడుగుతున్నారు. మెట్రోలో పక్క సీట్లో కూర్చున్నవాళ్ళూ, పెళ్ళిచూపుల్లో రెండు వైపులవాళ్ళూ, ఆఖరికి నోరు తెరిపించి పళ్ళు చూస్తున్న డాక్టరూ అదే అడిగేవారు. జవాబును బట్టి ఎదుటి మనిషి ఎలాంటివాడో మనసులో తేల్చేసుకునేవారు.

ఆ రాజధానులు ఏ దేశపటంలోనూ లేవు. మణిసీమ అనే ఆన్‌లైన్ ఆటలో ఉన్నాయి. నుదుటికి రెండు వేళ్ళ వెడల్పున్న నాడీపట్టీ కట్టుకుని కళ్ళు మూసుకుంటే చాలు, మనిషి అక్కడ ఉంటాడు. కాళ్ళ కింద రాయి చల్లగా తగులుతుంది. వాన పడబోయే ముందు మట్టివాసన వస్తుంది. మణిసీమలో జాతులు ఆరు, రాజధానులు ఆరు. గంధర్వుల స్వరమండలంలో వంతెనలెక్కితే మెట్టుకో స్వరం పలుకుతుంది. యక్షుల హిరణ్యగుహ ఒక కొండ కడుపులో తొలిచిన బంగారు నగరం. నాగుల నీటిమేడ గాజుగోడలతో సముద్రం అడుగున ఉంటుంది. వానరుల కొమ్మలూరు చెట్ల మీద, రాక్షసుల నిప్పులకోట అగ్నిపర్వతం అంచున ఉంటాయి. ఆరోది మనుషుల రాజధాని, రేగడి. దాని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. మట్టిరోడ్లు, పెంకుటిళ్ళు, వారానికో సంత, సగం కట్టి వదిలేసిన కోట. కొత్తగా ఆటలో చేరినవాళ్ళు అటు తొంగిచూసి తిరిగి వచ్చేసేవారు.

ఏటా ఈ ఆరింటికీ ఓట్లతో వరుస కట్టేవారు. ఓట్ల కాలం వచ్చిందంటే అభిమాన సంఘాలు దండుల్లా బయలుదేరేవి. దొంగ ఓట్లు, ఎదురు ఆరోపణలు, అలిగి మాటలు మానేసుకున్న అక్కాచెల్లెళ్ళు. ఆ ఏడు మాత్రం ఆట నడిపే సంస్థ పద్ధతి మార్చింది. ఆరు నగరాలను మోయడానికి సముద్రగర్భంలో ఉన్న తమ కంప్యూటర్లు చాలడం లేదనీ, ఆఖరి స్థానంలో నిలిచిన రాజధానిని శాశ్వతంగా మూసేస్తామనీ ప్రకటించింది. అంత పెద్ద నిర్ణయం ఓట్లకు వదలలేం కాబట్టి ఈసారి కొలత తీస్తామంది.

కొలిచే పని భీమిలి దగ్గరి ఒక చిన్న ప్రయోగశాలకు వచ్చింది. దాని అధిపతి సౌగంధి. యాభై నాలుగేళ్ళ మనిషి, మెదడు శాస్త్రవేత్త. ఇరవై ఏళ్ళు కష్టపడి ఆమె తయారుచేసిన పరికరం పేరు మమతామాపకం.

దాని సూత్రం కష్టమైనది కాదు. మనిషి ఒక చోటును ఇష్టపడుతున్నానని నోటితో ఎన్నయినా చెప్పవచ్చు. మెదడు మాత్రం నిజంగా ఇష్టమైన చోట మూడు పనులు చేస్తుంది. ఊపిరిని నిదానం చేస్తుంది. ఎదుటివాళ్ళకు నేనెలా కనబడుతున్నాను అని ఎప్పుడూ కాపలా కాసే భాగాన్ని కాసేపు నిద్రపుచ్చుతుంది. ఆ చోటు వదిలి వెళ్ళేటప్పుడు సన్నటి సంకేతం ఒకటి పంపుతుంది. గడప దాటుతూ వెనక్కి తిరిగి చూడాలనిపించడం లాంటిది అది. సౌగంధి దానికి వెనుచూపు అని పేరు పెట్టింది. ఈ మూడింటినీ నాడీపట్టీ నుంచి తీసుకుని వందకు ఒక అంకె కట్టేది మమతామాపకం. లెక్క చేసే యంత్రానికి ప్రయోగశాలలో తూనిక అని పేరు. అడిగితే మాట్లాడుతుంది, అడగకపోతే ఊరుకుంటుంది.

మూడు లక్షల మంది ఆటగాళ్ళు ఒప్పుకుని కొలతకు వచ్చారు. నలభై రోజులు పట్టింది. ఫలితం వచ్చిన ఉదయం సౌగంధి పక్కన హబీబుల్లా ఉన్నాడు. కడప వాడు, గణాంకాల మనిషి. ఆమెతో పదేళ్ళుగా పనిచేస్తున్నాడు.

"తూనికా, వరుస చెప్పు," అంది సౌగంధి.

"ఆరో స్థానం హిరణ్యగుహ, నలభై నాలుగు."

హబీబుల్లా కుర్చీలో ముందుకు జరిగాడు. "పోయినేడు ఓట్లలో అదే కదా మేడమ్ మొదటిది."

"ఐదు నిప్పులకోట, యాభై. నాలుగు స్వరమండలం, యాభై ఏడు. మూడు నీటిమేడ, యాభై తొమ్మిది. రెండు కొమ్మలూరు, అరవై నాలుగు. ఒకటి రేగడి, తొంభై ఒకటి."

హబీబుల్లా వరుసను కాగితం మీద రాసి చూసుకున్నాడు.

"ఎక్కడో తప్పుంది," అన్నాడు హబీబుల్లా. "రేగడిలో ఉండేవాళ్ళు పన్నెండు వేలు. మిగతా చోట్ల కోట్లలో ఉన్నారు."

"ఎంతమంది ఉన్నారని కాదు, ఉన్నవాళ్ళకు ఎలా ఉందని కొలిచాం," అంది తూనిక. "మూడుసార్లు సరిచూశాను. తప్పు లేదు."

తొంభై ఒకటి అనేది సౌగంధి తన జీవితంలో చూడని అంకె. కన్నబిడ్డను మొదటిసారి ఎత్తుకున్న తల్లుల దగ్గర ఒకసారి ఎనభై ఎనిమిది వచ్చింది. ఒక మట్టి ఊరు దాన్ని దాటడమేమిటో ఆమెకు అంతుపట్టలేదు. అప్పటికప్పుడే నాడీపట్టీ కట్టుకుని పరిశీలకురాలి హోదాలో లోపలికి వెళ్ళింది.

రేగడిలో ఎండ ఏటవాలుగా పడుతోంది. వీధి మొదట్లో ఒక అరుగు మీద నెరిసిన మీసాల మనిషి కూర్చుని బండిచక్రానికి చెక్క ఆకులు బిగిస్తున్నాడు. పక్కన ఒకావిడ చాటలో కందికాయలు ఒలుస్తోంది.

"కూకోండమ్మా, ఎండలో నిలబడిపోనారు," అన్నాడు అతను.

సౌగంధి కూర్చుంది. అతని పేరు గవరయ్య. బయట ప్రపంచంలో పార్వతీపురం. ముప్పై ఏళ్ళు క్రేను నడిపి మానేశాడట. ఇక్కడికి వచ్చి చక్రాలు బాగుచేస్తాడు.

"ఈ పని చేస్తే ఆటలో ఏమైనా వస్తుందా?" అని అడిగింది.

"ఏటొస్తాది? సెక్రం తిరుగుతాది."

"మరి ఎందుకు చేస్తున్నారు?"

గవరయ్య చక్రాన్ని ఒకసారి తిప్పి, దాని దగ్గరికి చెవి వంచి విన్నాడు. "ఎందుకంటే ఏటి సెప్పమంటారు. సేత్తంటే బాగుంటాది."

కందికాయలు ఒలుస్తున్న ఆవిడ నవ్వింది. ఆమె పేరు సైదమ్మ. తన దోసిట్లోని గింజలు సౌగంధి చేతిలో పోసింది. పచ్చి కందుల కమ్మదనం నాలుక మీద నిజంగానే తెలిసింది. ముగ్గురూ ఏవేవో మాట్లాడుకున్నారు. గంటన్నర గడిచిందని తర్వాత గాని ఆమెకు తెలియలేదు. లేచి వీధి మలుపు తిరుగుతూ వెనక్కి చూసింది. చూశాక, తన మెదడు ఇప్పుడు ఏ సంకేతం పంపిందో గుర్తుకొచ్చి తనలో తనే నవ్వుకుంది.

అప్పుడు తట్టింది ఆమెకు, ఈ ఊళ్ళో ఏదో లేదని. మిగతా ఐదు రాజధానుల్లో ప్రతి మనిషి తల మీదా నీలిరంగులో ఒక అంకె వెలుగుతూ ఉంటుంది. సున్నా నుంచి వంద దాకా ఉండే ఆ అంకె ఆటలో అతని అంతస్తు. ఇద్దరు ఎదురుపడితే కళ్ళు ముందు పైకి పోతాయి, తర్వాతే ముఖం మీదికి వస్తాయి. రేగడిలో ఎవరి తల మీదా ఏమీ లేదు. ఆకాశం మాత్రమే ఉంది.

"ఊరు కట్టిన రోజుల్లో ప్రోగ్రాములో ఒక్క వరుస రాయడం మరిచిపోయారు," అని, ఆమె బయటికొచ్చి అడిగితే, తూనిక వెతికి చెప్పింది. "పదకొండేళ్ళుగా ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఇంకో సంగతి. మీరు కలిసిన సైదమ్మ మిగతా రాజధానుల్లో వేరే పేరుతో ఆడుతుంది. నిప్పులకోట యుద్ధాల్లో నాలుగేళ్ళుగా ఓడిపోని మనిషి ఆమే. ఏ పేరుతో ఉన్నా ఆమె అంతస్తు వంద."

"గవరయ్యకు తెలుసా?"

"తెలిసే అవకాశం లేదు."

ఆ సాయంత్రం హబీబుల్లా నివేదిక సిద్ధం చేస్తుంటే సౌగంధి ఆపింది.

"ఇది ఇలాగే పంపితే ఏమవుతుంది హబీబ్? రేగడి మొదటి స్థానం అని తెలిసిన మరునాడే కోటి మంది వచ్చి పడతారు. అంతమంది వచ్చాక అంకెలు కనబడటం లేదని ఎవడో ఒకడు పట్టుకుంటాడు. ఆ ఒక్క వరుసా రాసేస్తారు. ఊరు అయిపోయినట్టే."

"అయితే ఏం రాస్తారు మేడమ్?"

"నాలుగు. ఎవరి కంటా పడని చోటు అది. మొదటిదాన్ని చూడ్డానికి వస్తారు, ఆఖరిదాన్ని చూసి జాలిపడతారు. నాలుగోదాన్ని ఎవరూ పట్టించుకోరు. మిగతా ఐదింటి క్రమం మారదు. మూతపడేది ఎలాగూ హిరణ్యగుహే."

హబీబుల్లా చాలాసేపు కిటికీలోంచి సముద్రం వైపు చూశాడు. "ఓట్లు అబద్ధం చెబుతాయనే కదా మన దగ్గరికి వచ్చింది. ఇరవై ఏళ్ళు మీరు చెప్పింది ఒకటే మాట, ఈ యంత్రం అబద్ధమాడదని."

"ఆడేది యంత్రం కాదు, నేను," అంది సౌగంధి. "పన్నెండు వేల మంది ప్రశాంతంగా ఉన్న చోటు ఒకటి కనబడింది. కొలిచినందుకు అది పాడు కాకూడదు."

రేగడి ఎదురుగా నాలుగు అని, యాభై నాలుగు అని ఆమే స్వయంగా రాసింది. యాభై నాలుగు ఎందుకంటే యాభైకీ యాభై ఏడుకీ మధ్య ఆ క్షణాన తోచిన అంకె అది. హబీబుల్లా సంతకం పెట్టాడు గాని ఆ రోజు టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

ఫలితాలు వెలువడ్డాయి. హిరణ్యగుహ మూతపడిన రోజు యక్షులు బంగారు మెట్ల మీద కూర్చుని ఏడ్చారు. కొమ్మలూరువాళ్ళు కొమ్మకొమ్మకూ దీపాలు కట్టారు. పత్రికలూ చానళ్ళూ నెల రోజులు ఈ రెండింటి గురించే మాట్లాడాయి. రేగడి పేరు ఎవరూ ఎత్తలేదు. సౌగంధి ఊపిరి పీల్చుకుంది. అప్పుడప్పుడూ, ముఖ్యంగా తన పరికరాన్ని ఎవరైనా మెచ్చుకున్నప్పుడు, గుండెలో ఎక్కడో గుచ్చుకునేది. గవరయ్య అరుగు గుర్తుచేసుకుంటే ఆ నొప్పి తగ్గేది.

ఎనిమిది నెలల తర్వాత ఒక మధ్యాహ్నం హబీబుల్లా ఒక అర్జీ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. రేగడి పౌరులు ఆట సంస్థకు పెట్టుకున్నది. పన్నెండు వేల మందిలో పదకొండు వేల పైచిలుకు సంతకాలు చేశారు.

"మా ఊరికి నాలుగో స్థానం రావడం అన్యాయం," అని రాసి ఉంది అందులో. "స్వరమండలానికి మూడో స్థానం ఇవ్వడానికి అక్కడేముంది, ఇక్కడేం లేదు అని మేమంతా కూర్చుని చర్చించాం. మిగతా అన్ని రాజధానుల్లో పౌరుల తలల మీద అంతస్తు అంకెలు కనబడుతున్నాయి. మా దగ్గర కనబడటం లేదు. అందువల్లే మమ్మల్ని వెనకబడినవాళ్ళుగా లెక్కకట్టారని మా నమ్మకం. ఈ లోపాన్ని వెంటనే సరిచేయవలసిందిగా కోరుతున్నాం."

మొదటి సంతకం గవరయ్యది.

సౌగంధి దాన్ని రెండుసార్లు చదివింది. సంస్థవాళ్ళు మరుసటి రోజే లోపాన్ని సవరించారు. ఒక్క వరుసే కదా.

ఏడాది తిరిగేసరికి మళ్ళీ కొలత వచ్చింది. ఈసారి ఆమె ఫలితం వినడానికి ఒక్కతే కూర్చుంది. మిగిలిన ఐదు రాజధానుల్లో రేగడిది నాలుగో స్థానం అంది తూనిక. యాభై మూడు. ఏ అంకె మీదా చెయ్యి వెయ్యకుండా నివేదిక పంపించింది సౌగంధి. ఒక్క అక్షరం కూడా మార్చవలసిన అవసరం లేకపోయింది.

పరిశీలకుల అనుమతి గడువు తీరిపోయింది కాబట్టి ఆ మర్నాడు మామూలు మనుషుల్లాగే పేరు నమోదు చేసుకుని రేగడికి వెళ్ళింది.

వీధి మొదట్లో పెద్ద బోర్డు ఉంది. "మూడో స్థానం మన హక్కు" అని. సగం కట్టిన కోట పూర్తయింది. పెంకుటిళ్ళకు రంగులు వేశారు. ఎరుపు బాగుందా, పసుపు బాగుందా అని రెండు వీధుల మధ్య తగువు నడుస్తోంది. గవరయ్య అరుగు మీదే ఉన్నాడు. తల మీద నీలిరంగులో ముప్పై ఏడు. చేతిలో చక్రం లేదు, చిన్న కత్తి ఉంది. దాన్ని నూరుతున్నాడు.

"గుర్తున్నానా గవరయ్యగారూ?"

అతని కళ్ళు ముందు ఆమె తల పైకి పోయాయి. ఒక్క క్షణం అక్కడ ఆగి, కిందికి దిగి ముఖాన్ని గుర్తుపట్టాయి.

"మీరా అమ్మా. రండి, కూకోండి." కూర్చోమన్నాడు గాని జరిగి చోటివ్వడం మరిచిపోయాడు. "ముప్పై ఏడొచ్చీసినాను సూడండి. ఆ ఎదురింటాయనకి ముప్పై నాలుగే. మొన్నటిదాకా నాకన్నా ముందుండీవోడు."

"చక్రాలు బాగుచెయ్యడం లేదా?"

"దానికి అంకె పెరగదమ్మా. వేటకెల్తే పెరుగుతాది."

"సైదమ్మ ఏదీ?"

గవరయ్య కత్తి నూరడం ఆపాడు. "ఎల్లిపోయింది. అంకెలొచ్చిన్నాడు ఆవిడ నెత్తిమీద వంద కనబడింది. ఊరంతా ఆవిడ గుమ్మం కాడే. దండాలెట్టీవోళ్ళు, పందేనికి పిలిసీవోళ్ళు. నాను కూడా ఎల్లి, ఇన్నాళ్ళూ మాకెందుకు సెప్పనేదని అడిగినాను. మాటాడనేదు. చాట ఇక్కడే ఒదిలీసి ఎల్లిపోయింది."

సౌగంధికి అతని మీద కోపం రావాలి, రాలేదు. తను రాసిన అబద్ధం అంకె ఒకటి ఈ మనిషి మనసులోకి ఎలా దిగిందో, దిగి ఎలా నిజమైపోయిందో ఆలోచిస్తూ ఉండిపోయింది. ఏ అంకె రాసినా ఇంతే అయ్యేదేమో. ఒకటని రాసినా, ఆరని రాసినా. అసలు రాయడమే తప్పేమో. ఇదంతా తిరిగి వెళ్ళాక ఒక వ్యాసంగా రాయాలనుకుంది. మనిషిలోని ఈ బలహీనతను ఇంత దగ్గరగా చూసిన శాస్త్రవేత్త మరొకరు ఉండరు అనుకుంది.

వీధిలో ఇద్దరు ఆడవాళ్ళు బుట్టలతో వెళ్తూ ఆమె వైపు చూశారు. వాళ్ళ చూపు ఆమె తల మీద ఆగింది. ఒకామె రెండో ఆమె చెవిలో ఏదో అంది, ఇద్దరూ నవ్వుకుంటూ దాటిపోయారు.

సౌగంధి తల పైకెత్తి చూసుకుంది. నీలిరంగులో గుండ్రంగా సున్నా వెలుగుతోంది.

చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. గొంతు సవరించుకుంది. వాళ్ళు మలుపు తిరిగేదాకా ఆగి, గవరయ్య వైపు వంగి, తగ్గు స్వరంతో అడిగింది.

"ఒకటి రావాలంటే ఏం చెయ్యాలండీ?"